కర్గీ రోడ్‌లో మా ఇంటావిడ మళ్ళీ నడిచిన రోజు

ఈ పేజీలో రాసేవాళ్ళలో చాలామంది కాశీ, రామేశ్వరం లాంటి పెద్ద యాత్రల గురించి రాస్తుంటారు. నాది ఒక్క రోజు ప్రయాణం. బిలాస్‌పూర్ నుంచి ప్యాసింజరు బండిలో గంట దూరం కూడా ఉండదు. నాకు రాయడం పెద్దగా రాదు. మా ఊళ్ళో బడి ఎంతవరకు ఉందో అంతవరకే చదివాను. అయినా ఇంట్లో నడవలేని మనిషిని పెట్టుకుని, బయటికి తీసుకెళ్ళాలా వద్దా అని ఆలోచించేవాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఇంటావిడ పేరు అప్పలనర్సమ్మ. పోయిన శ్రావణంలో వాన వెలిసిన పొద్దున గుమ్మం దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగితే ఆపరేషను చేశారు. ఎముక బాగా అతుక్కుంది, ఇక నడవవచ్చని డాక్టరు అన్నాడు. కానీ ఆమె నడవడం మానేసింది. మంచం దగ్గర్నుంచి బాత్రూముకి, మళ్ళీ మంచానికి, అదీ గోడ పట్టుకుని. మా అబ్బాయి హైకోర్టు ఉన్న బోద్రీలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. తల్లి అవస్థ చూడలేక చక్రాల కుర్చీ కొనుక్కొచ్చాడు. ఆమె అందులో కూర్చుని, చేతులు రెండూ పక్కల మీద పెట్టుకుని, "సుకంగా ఉన్నాదిరా" అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆస్పత్రి నుంచి వచ్చి కాలికి కసరత్తు చేయించే అమ్మాయి అప్పటికే నాకు విడిగా చెప్పింది. ఈ రెండు మూడు నెలల్లో నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది, తర్వాత కావాలన్నా లేవలేరు అని. పడిపోతానన్న భయం తప్ప ఆమెకి వేరే జబ్బేమీ లేదని కూడా చెప్పింది.

ఆ అమ్మాయే మమ్మల్ని మంగ్లాలో ఒక తరగతికి పంపింది. నేను బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగంలో చేరిన కొత్తలో మంగ్లా అంటే పొలాలు, పెంకుటిళ్ళు. ఇప్పుడు ఊళ్ళో కలిసిపోయింది, మేడలు లేచాయి. ఆ మేడల్లో ఒకదాని మీద ఆదివారాలు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పుతారు. చేసే పని మీద మనసు పెట్టడం అని దానికి నేను చెప్పుకున్న అర్థం. తినేటప్పుడు తిండి మీద, నడిచేటప్పుడు నడక మీద. టీచరు చిన్నది, మంచి పిల్ల, మెల్లగా హిందీలో చెబుతుంది. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, మాట్లాడకుండా నెమ్మదిగా నడవమంది. పాదం నేలకి తగలడం గమనించమంది. మా ఇంటావిడ గోడ పక్కన రెండడుగులు వేసి ఆగిపోయి, ఆ నిశ్శబ్దంలో నాతో తెలుగులో అంది.

"కాలు నేలకి తగిల్తే తగిలినాదని నాకు తెల్దేటి? దీనికి మంగ్లా దాకా రావాలేటి?"

నలుగురూ తిరిగి చూశారు. నాకు సిగ్గేసింది. టీచరు మాత్రం నవ్వి దగ్గరికొచ్చి అడిగింది. "అమ్మాజీ, మీకు బాగా ఇష్టమైన చోటు ఏది? అక్కడికి వెళ్ళి నడిచి చూడండి." మా ఇంటావిడ ఆలోచించనైనా లేదు. "కర్గీ రోడ్. ఫూల్‌బాయి ఇల్లు" అంది. ఆ పేరు ఆమె నోట విని చాలా ఏళ్ళయింది.

కర్గీ రోడ్ అంటే కోటా అనే ఊరికి రైల్వే స్టేషను. కట్నీ లైనులో ఉంది. మా పెళ్ళయిన కొత్తలో స్టేషను దాటాక ఒక రైల్వే గేటు దగ్గర, లైను పనివాళ్ళకిచ్చే గ్యాంగ్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నేను కీమ్యాన్‌ని. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కీమ్యాన్ పని రోజూ తన వాటా లైను మీద నడవడం. పట్టాని దాని కింద అడ్డంగా పరిచిన స్లీపరు దుంగకి పట్టి ఉంచే తాళంలాంటి ముక్కలు వదులైతే సుత్తితో కొట్టి బిగించడం. పోయేటప్పుడు ఒక పట్టా చూస్తాం, వచ్చేటప్పుడు రెండోది. భుజాన సుత్తి, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా. ఒంటరి పని. నాలాంటి మాటకారి కానివాడికి హాయైన పని. ఫూల్‌బాయి మా పక్క గుడిసెలో ఉండే ఛత్తీస్‌గఢీ ఆవిడ. మా ఇంటావిడకి హిందీ ఆమే నేర్పింది. రాత్రి నీళ్ళలో వేసిన అన్నాన్ని పొద్దున్నే ఆమె బాసీ అని తినేది, మా ఇంటావిడ తరవాణి అని తాగేది. ఇద్దరూ గిన్నెలు మార్చుకునేవారు.

మార్గశిరంలో ఒక బుధవారం బయల్దేరాం. కోర్టు పని ఉందని మా అబ్బాయి రాలేదు. నిజానికి వద్దన్నాడు. "కుర్చీ అయినా తీసుకెళ్ళండి బాబూ" అన్నాడు. నేను వద్దన్నాను. మా ఇంటావిడ నా వైపు అదోలా చూసింది. తోర్వా వైపు ఉండే మా ఇంటి నుంచి స్టేషనుకి ఆటో యాభై రూపాయలు. పొద్దున్న ఏడు దాటాక కట్నీ వైపు ప్యాసింజరు ఉంటుంది. టికెట్టు పెద్ద ఖర్చేం కాదు, ఇద్దరికీ కలిపి ఒక టీ, ఒక సమోసా ఖరీదు. బండి అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద పెడతారు కాబట్టి తొందర లేకుండా ఎక్కించగలిగాను. ఎక్కించడమంటే, నేను వెనక నుంచి పట్టుకున్నాను, లోపలున్న ఒక కూరగాయలావిడ బుట్ట కింద పెట్టి చేయి అందించింది. మా ఇంటావిడ ముఖం ఎర్రబడింది. ఒకప్పుడు నీళ్ళ బిందె నడుమున పెట్టుకుని కదులుతున్న గూడ్సు పక్కన నడిచిన మనిషి.

ఉస్లాపూర్ దాటాక మేడలు తగ్గి పొలాలు వస్తాయి. కిటికీ పక్కన ఎండ చురుగ్గా, హాయిగా ఉంది. వరి కోసేసిన మళ్ళలో కొంగలు. ఘుట్కూలో మా బండిని ఆపి, బొగ్గు నింపిన గూడ్సు ఒకదాన్ని ముందు పంపారు. నేను అలవాటు ప్రకారం దాని చక్రాల చప్పుడు వింటూ కూర్చున్నాను. ఇప్పుడన్నీ సిమెంటు స్లీపర్లు, స్ప్రింగు క్లిప్పులు. చప్పుడు వేరు. మా ఇంటావిడ వేరుశెనక్కాయలు ఒలిచి నా చేతిలో పోస్తూ ఉంది. కల్మీటార్ వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయితే మరి ఫూల్‌బాయి బతికుంతాదా?" అంది.

"ఉంది. కిందటేడు గ్యాంగ్‌వాళ్ళు సెప్పినారు. గేటు కాడే ఇల్లు కట్టుకున్నాదట."

"కిందటేడు తెల్సా? నాకు సెప్పనేదేటి?"

నేను తల తిప్పుకున్నాను. కిటికీలోంచి చూశాను.

"అడిగితే గానీ నోట్లోంచి ముత్తెం రాల్దు" అని మళ్ళీ వేరుశెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

కర్గీ రోడ్‌లో బిలాస్‌పూర్ నుంచి వచ్చే బండి స్టేషను గదుల పక్కనే ఆగింది, వంతెన ఎక్కే పని లేదు. బయట ఆటోలు ఉంటాయి. గేటు దాకా ఒకతను ఎనభై అడిగాడు, అరవైకి వచ్చాడు. డ్రైవరు కుర్రాడు కాదు, మా అబ్బాయి వయసువాడు, బాగా మాట్లాడతాడు. "అమ్మాజీ, ఆస్పత్రికా, గుడికా?" అని అడిగాడు. "నా సావాసకత్తె ఇంటికి" అని ఆవిడ హిందీలో చెప్పింది. "బతికుండగా స్నేహితురాళ్ళని చూసుకోవాలి, అచ్ఛా హై, అచ్ఛా హై" అని అతను తల ఊపుతూ నడిపాడు. సగం దూరం వెళ్ళాక ఆటో ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు. కొత్త లైను పని కోసం అడ్డంగా తవ్వి, మట్టి గుట్టగా పోశారు. పక్కన మనుషులు నడిచే కాలిబాట మాత్రం ఉంది.

"ఇంక పోదు" అన్నాడు అతను. "గేటు కనిపిస్తోంది కదా, అదిగో. నడిస్తే పదిహేను నిమిషాలు."

మా ఇంటావిడ అతన్ని కాదు, నన్ను చూసింది. "నువ్వే తవ్వించినావేటి?"

"నాకేటి తెల్సు?"

"తిరిగెల్లిపోదుం పద."

"తిరుగు బండి మద్దేనం గానీ నేదు."

డ్రైవరుకి తెలుగు రాదు గానీ విషయం అర్థమైంది. మధ్యాహ్నం మూడింటికి ఇదే చోటికి వచ్చి నిలబడతానని, అంతవరకు తొందర లేదని చెప్పి వెళ్ళిపోయాడు. మేమిద్దరం ఆ బాట మొదట్లో నిలబడిపోయాం. ఎడమ పక్క ముళ్ళకంప, దాని అవతల లైను. కుడి పక్క కోసిన వరి మళ్ళు. మంచు ఇంకా గడ్డి మీద ఉంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంగ్లాలో చెప్పినట్టే చేద్దామనుకున్నాను. కీమ్యాన్‌గా నేను నేర్చుకున్నదీ అదే కదా అనుకున్నాను, తల దించుకుని ఒక్కొక్కటీ చూడడం. "కాలు ఎక్కడెయ్యాలో సూసుకో. ఒకటి తరవాత ఒకటి. మరేటీ ఆలోసించకు" అన్నాను. ఆమె తల దించుకుని పాదాల వంక చూస్తూ నడిచింది. నేనూ ఆమె పాదాల వంకే చూస్తూ నడిచాను. కొంచెం దూరం వెళ్ళాం. ఆమె అడుగులు పెద్దవి కావలసింది పోయి చిన్నవయ్యాయి. తర్వాత వేలెడంత అయ్యాయి. ఒక చోట చిన్న గులకరాయి ఉంది. ఎవరికీ అడ్డం కానంత రాయి. ఆమె దాన్ని చూసి ఆగిపోయింది.  రెండో చేత్తో నా భుజం పట్టుకుంది.

"ఇంక నా వల్ల కాదు" అంది. కోపంగా కాదు. నిదానంగా, లెక్క తేలిపోయినట్టు. "ఆ కుర్సీ తెస్తే బాగున్ను."

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. వెనక్కి వెళ్ళినా అక్కడ ఆటో లేదు. కూర్చోబెడదామంటే కూర్చున్నాక లేపడం కష్టం. ఎవరూ లేరు. నేను ఆ రాయిని కాలితో పక్కకి తోశాను. ఆమె కదల్లేదు.  దూరంగా గేటు దగ్గర ఎవరో ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వచ్చింది, పనివాళ్ళు కావచ్చు. ఆమె తల పక్కకి తిప్పింది.

"అప్పుడు నీ సుత్తి సప్పుడు ఇనేదాన్ని" అంది. "పొయ్యి కాడ కూకుని ఇనేదాన్ని. దూరంగా ఎల్తే సన్నగయిపోయేది. మళ్ళీ దగ్గరికొస్తుంటే, ఇదిగో వొచ్చీస్తన్నాడు, అన్నం వార్చాల అనుకునేదాన్ని. ఇంట్లో కొచ్చినాక నువ్వెలాగూ మాటాడవు. ఆ సుత్తే మాటాడేది."

నేను ఇది ఎప్పుడూ వినలేదు.

"ఇలాగ సప్పుడు సెయ్యకుండా నడిస్తే నాకు బయమేస్తంది. కాళ్ళే కనిపిస్తన్నాయి, ఇంకేటీ కనపడ్డం నేదు. సుత్తి నేదు కదా. ఏదో ఒకటి మాటాడు."

"ఏటి మాటాడాల?"

"ఏటయినా సరే. ఇన్నేళ్ళు ఈ లైను మీద తిరిగినావు, ఏటీ సూడనేదేటి నువ్వు?"

చూశాను. చాలా చూశాను. ఎవరికీ చెప్పలేదంతే. చెప్పాలని ఎవరూ అనలేదు. నేను గొంతు సవరించుకుని, లైను వైపు చెయ్యి చూపించాను.

"ఆ మలుపు కాడ ఒకసారి ఎలుగుబంటి కనిపించినాది."

"ఎలుగుబంటా? ఎప్పుడు?"

"ఇప్పపూల రోజులు. తెల్లారగట్ల. సెట్టు కింద కూకుని పూలు తింటన్నాది."

"ఏ సెట్టు?"

"ఆ మలుపు దాటితే కనిపిస్తాది. ఉంటే."

ఆమె తల ఎత్తి మలుపు వైపు చూసింది. చూస్తూ ఒక అడుగు వేసింది. నేను ఆమె పాదాల వంక చూడలేదు. చూస్తే ఆమె కూడా చూస్తుందని భయం. చెయ్యి మాత్రం వదల్లేదు.

"అది నన్ను సూసినాది. నాను దాన్ని సూసినాను. ఎంతో దూరం నేదు, ఇదిగో ఆ కంప ఉన్నంత దూరం. పరిగెత్తితే ఎంటపడతాదని ఇన్నాను."

"అమ్మో. మరేటి సేసినావు?"

"జెండా తీసినాను."

"ఎర్రజెండానా?"

"ఎర్రజెండా సూపిస్తే ఆగిపోతాదేమోనని, పచ్చజెండా ఊపినాను."

ఆమె నా మొహంలోకి చూసింది. నిజమా అబద్ధమా అని. నిజమే. భయంలో మనిషికి ఏది తోస్తే అది చేస్తాడు. రైలుకి ఊపినట్టే బాగా ఊపాను.

"మరి ఎల్లిపోనాదా?"

"ఎల్లిపోనాది. మెల్లగా, ఎనక్కి సూసుకుంటా."

ఆమె నవ్వింది. మొదట నోరు మూసుకుని నవ్వింది, తర్వాత బయటికే నవ్వింది. ఆ నవ్వుకి ఒళ్ళు ఊగి నా భుజం మీద పడింది గానీ కాళ్ళు ఆగలేదు. "ఓలమ్మో! ఒకనాడు జెండా సేతిలోనే పట్టుకుని బెదిరిపోయి ఇంటికొచ్చినావు, ఆ రోజేనా ఇది! ఎలుగుబంటికి పచ్చజెండా సూపించి, ఇంటికొచ్చి ఏటన్నావో గుర్తున్నాదా? పప్పులో ఉప్పు సాల్నేదన్నావు. ఆ ఒక్క ముక్కే అన్నావు! నాను ఆ రోజంతా ఏడిసినాను."

"నీకు గుర్తున్నాదా?"

"మరచిపోతాననుకున్నావేటి?"

అప్పుడు నాకొకటి తట్టింది. అన్నేళ్ళు లైను మీద నడిచాను గానీ, ఒక్కనాడైనా నా పాదాల వంక చూసుకోలేదు. నా కళ్ళు పట్టా మీద ఉండేవి, చెవులు వెనక వచ్చే బండి మీద ఉండేవి. కాళ్ళు వాటి పని అవి చేసుకునేవి. కాళ్ళు చూసుకుంటూ నడిచిన కీమ్యాన్ ఎవడూ పని చెయ్యలేడు. అదే నేను ఆమెకి తలకిందులుగా చెప్పాను. మంగ్లా టీచరు చెప్పింది తప్పు కాదు. పడిపోతానన్న భయం లేనివాళ్ళకి అది మంచిదే. భయం ఉన్నవాళ్ళ మనసు పాదం దగ్గర పెడితే, భయం కూడా వచ్చి అక్కడే కూర్చుంటుంది.

ఇక మాట ఆపలేదు. ఆపితే ఆమె ఆగిపోతుందేమోనని. మిడతల దండు పట్టాల మీద పడి ఇంజను చక్రాలు జారిన రోజు గురించి చెప్పాను. రోజూ ఒకే చోట పట్టా మీద ముక్కు రాసుకునే నెమలి గురించి చెప్పాను. చలికాలం రాత్రి పూట పట్టా బిగుసుకుని టంగుమని మోగితే మొదట్లో దెయ్యమనుకున్న సంగతి చెప్పాను. మలుపు దాటాక ఇప్పచెట్టు లేదు. కొత్త లైనుకి కొట్టేసినట్టున్నారు. ఆమె అటు చూసి, "పోనీలే. అది ఇంకో సెట్టు సూసుకునుంతాది" అంది. నాకు గొంతులో నొప్పి పుట్టింది. మాట్లాడడం అలవాటు లేని గొంతు.

గేటు దగ్గర మా క్వార్టర్లు లేవు. పునాది రాళ్ళు కొన్ని, వాటి మధ్య కంది మొక్కలు. మా పొయ్యి ఉన్న చోటేదో ఆమె గుర్తుపట్టి చూపించింది. అక్కడ ఎవరో మేకని కట్టేశారు. దానికి ఎదురుగా రేకుల కప్పు ఉన్న ఇల్లు, అరుగు మీద ముసలావిడ చాటలో ధాన్యం చెరుగుతోంది. జుట్టు మొత్తం తెల్లబడింది గానీ ఆ చెరిగే తీరు చూసి నేను కూడా గుర్తుపట్టాను. ఫూల్‌బాయి చాట కింద పెట్టి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసింది.

"నర్సీ? ఏ నర్సీ! రేంగత్ ఆయ్ హస్?"

నడుచుకుంటూ వచ్చావా అని అడిగింది. ఆమె కొడుకు కోటా ఆస్పత్రిలో పని చేస్తాడట, మా గ్యాంగ్ మనుషుల ద్వారా తుంటి విరిగిన సంగతి అతనికి, అతని ద్వారా ఈమెకి చేరిందట. మా ఇంటావిడ వెంటనే "హవ్, రేంగత్" అంది. అవును, నడుచుకుంటూనే అని. అన్నాక ఆగిపోయింది. వెనక్కి తిరిగి, వచ్చిన బాట వంక చూసింది.  తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, అరుగు పట్టుకుని, తనే ఎక్కి కూర్చుంది.

ఫూల్‌బాయి బియ్యప్పిండితో చీలాలు వేసింది. మన పల్చటి అట్టులాంటివి. రోటి టమాటా పచ్చడితో పెట్టింది. డబ్బులిస్తే చంపేస్తుందని తెలుసు కాబట్టి వచ్చేటప్పుడు కోటా బజార్లో ఆటో ఆపి కొన్న బెల్లం దిమ్మ, అరిసెల పొట్లం ఇచ్చాం. వాళ్ళిద్దరూ నన్ను పక్కన పెట్టి మాటల్లో పడ్డారు. మధ్యలో ఫూల్‌బాయి నన్ను చూపించి, "దారంతా ఎలా గడిచింది? ఇతనితో వస్తే గోడతో వచ్చినట్టే కదా" అని హిందీలో అంది.

"గోడకి నోరొచ్చింది" అని మా ఇంటావిడ అంది. "ఎలుగుబంటి కథ విను."

అని నా కథ నాకంటే బాగా చెప్పింది. ఆమె చెప్పిన దాంట్లో ఎలుగుబంటి జెండాకి సలాము కూడా చేసింది. ఫూల్‌బాయి కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వింది. నేను తల దించుకుని మూడో చీలా తిన్నాను.

మూడింటికి తిరిగి అదే బాట నడిచాం. ఆటో డ్రైవరు మాట ప్రకారం గుట్ట దగ్గరే ఉన్నాడు, మా ఇంటావిడని చూసి చప్పట్లు కొట్టాడు. స్టేషనుకి చేరాక తెలిసింది. బిలాస్‌పూర్ వెళ్ళే బండి అవతలి ప్లాట్‌ఫారానికి వస్తుంది. వంతెన ఎక్కాలి. మెట్లు ఎత్తుగా, ఇరుకుగా లేవు గానీ చాలా ఉన్నాయి. పొద్దున్న దిగేటప్పుడు నేను వాటిని చూడనే లేదు. ఆమె కింద నిలబడి పై దాకా చూసింది. మొహంలో మళ్ళీ పొద్దుటి నీడ వచ్చింది. నాకు చప్పున ఏ కథా గుర్తు రాలేదు. గబగబా వెతికాను.

"పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకసారి ప్యాసింజరు ఎల్తుంటే కిటికీలోంచి తలపాగా ఎగిరొచ్చినాది. జరీది. ముత్యాల కుచ్చులు. నా ముందే పడ్డాది."

"పెళ్ళికొడుకుదా?"

"పెళ్ళికొడుకుదే అయ్యుంతాది."

"మరేటి సేసినావు?"

నేను రెండు మెట్లెక్కి ఆగాను. "పైకి రా. సెప్తాను."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఓరి నాయనో! నోట్లో మాట పుట్టి పూట కానేదు, అప్పుడే బేరాలా?" అంది. అని రెయిలింగు పట్టుకుని మెట్టెక్కింది. ఇంకోటి. నేను పక్కనే ఉన్నాను. మధ్యలో చదునుగా ఉన్న చోట ఆగి ఊపిరి పీల్చుకుంది. "ఊఁ?"

"గేటు కాడ గుంజకి కట్టినాను. ఎవురైనా వొస్తారని."

"వొచ్చినారా?"

నేను మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాను. వెనక ఆమె గొణుక్కుంటూ ఎక్కుతోంది. ఆ గొణుగుడు వింటూ ఎక్కాను. పైకి చేరేసరికి ఇద్దరం ఆయాసపడుతున్నాం. కింద పట్టాలు ఎండలో మెరుస్తున్నాయి.

"వారం దాటినాక ఒక మడిసొచ్చినాడు" అన్నాను. "బేల్‌గహనా నుంచి."

"పెళ్ళికొడుకు?"

"కాదు. తలపాగాలు అద్దెకిచ్చే ఆసామి."

ఆమె ఒక్క క్షణం నన్నే చూసింది. "దీనికా! ఈ ముక్కకా నన్ను ఇంతెత్తు ఎక్కించినావు!" అని నా భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది. వెయ్యడానికి రెయిలింగు వదిలేసింది. వదిలేసిన సంగతి ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు.

ఇది జరిగి రెండు నెలలు కావస్తోంది. ఇప్పుడు రోజూ పొద్దున్న మా సందు చివర కూరగాయల బండి దాకా ఇద్దరం నడుస్తున్నాం. కొన్ని రోజులు బాగా నడుస్తుంది, కొన్ని రోజులు సగంలో ఆగి తిరిగొస్తాం. మంగ్లా తరగతికి కూడా వెళ్తున్నాం. మేం మాత్రం మాట్లాడుకుంటూ నడుస్తామని టీచరుకి చెప్పాం, ఒప్పుకుంది. చిక్కేమిటంటే, నా కర్గీ రోడ్ కథలు పది రోజుల్లో అయిపోయాయి. అందుకని ముందు నేనొక్కణ్ణే పాల కోసం వెళ్ళి సందంతా చూసి వస్తున్నాను. ఎవరి దండెం మీద కొత్త చీర ఆరుతోంది, ఏ గోడ మీద పిల్లి కూర్చుంది, సైకిలు షాపు ఆసామి ఇవాళ ఎవరి మీద అరుస్తున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇంత శ్రద్ధగా చూశానో లేదో. అప్పుడు వదులైనదేదో కనిపెట్టడానికి చూసేవాణ్ణి. ఇప్పుడు ఆమెకి చెప్పడానికి చూస్తున్నాను. చూసింది చెప్పడానికి ఒక మనిషి ఎదురుచూస్తుంటే, మనసు వేరే ఎక్కడికీ పోదు. నాకు ఈ వయసులో తెలిసింది ఇంతే.

మీరు వెళ్తే ఒక్క మాట. తిరుగు బండి దొరకాలంటే అరగంట ముందే కర్గీ రోడ్ స్టేషనుకి చేరండి, వంతెన ఎక్కాల్సి రావచ్చు. కాళ్ళ భయం ఉన్నవాళ్ళు మీతో ఉంటే, మెట్ల కింద నిలబడి మెట్ల గురించి మాట్లాడకండి. ఏదైనా కథ మొదలుపెట్టండి. సగంలో ఆపి, ముందు మీరు ఎక్కండి.